దోమల పుట్టినిల్లు



ఆషాఢమున కాలువలకు నీరు వదలి ఊడ్పులు సాగినది మొదలు కార్తికము వెళ్లువఱకు, గోదావరి డెల్టాలోని మా చిన్నపట్టణమున సంధ్యవేళ ఇంటింట నొక తంతు జరుగును. తలుపులు బిగించి, కుంపటిలో పిడక రాజవేసి, వేపాకును సాంబ్రాణియు వేసి పొగ పెట్టుదురు. అప్పుడప్పుడు పురపాలకసంఘమువారి పొగయంత్రము వీథివెంట మ్రోగుచు పోవును. ఈ రెండుపొగలయందును నాకు చిరకాలము గొప్ప నమ్మకముండెను. ఆ నమ్మక మెట్లు సడలినదో చెప్పినచో నేటి విషయము సగము చెప్పినట్లే.

కొన్నియేండ్ల క్రిందట భాద్రపదమున మా మనుమరాలికి జ్వరము తగిలెను. రక్తపరీక్షలో డెంగీ యని తేలెను. నాలుగవనాడు ఒడలు చల్లబడగా మేమందఱము సంతోషించితిమి. వైద్యుడు నా పూర్వశిష్యుడు. అతడు మాత్రము, "పంతులుగారూ, గండము గడచినదనుకొనకుడు, ఈ రెండుదినములే కంటికి ఱెప్పవలె కాచుకొనవలెను" అనెను. జ్వరము దిగు సమయముననే యీ వ్యాధిలో రక్తనాళములనుండి ద్రవము బయటికి ఊరి, రోగి కుప్పగూలు నపాయము కలదట. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లనుండి నెత్తురు, వీనిలో నేది కనబడినను ఆసుపత్రికి పరుగెత్తవలసినదే. జ్వరమునకనియు నొప్పికనియు ఆస్పిరిను బిళ్ల యీయనే కూడదు. దైవానుగ్రహమున పిల్ల తేరుకొనెను.

"రాత్రులు దోమతెరలో పరుండిన పిల్లకిది యెట్లు వచ్చినది?" అని నేనడుగగా, "ఈ దోమ పగలు కుట్టునండీ. మీ పెరడు చూచుకొనుడు" అని యతడు బదులు చెప్పెను. చూచితిని. పిండి రుబ్బు యంత్రము వచ్చిన నాటినుండి నూతిచెంత పడియున్న రోటిలో వాననీరు నిలిచియుండెను. నీరు తేటగనే యున్నది. అందు సన్నని పురుగులు మెలికలు తిరుగుచు క్రిందికిని మీదికిని ఆడుచుండెను. ముప్పదియేండ్లు బడిలో పరిశుభ్రతను గూర్చి పాఠము చెప్పినవాని పెరటిలోని మాట యిది.

ఆ పురుగులే దోమపిల్లలు. కుట్టునది ఆడుదోమ మాత్రమే. గ్రుడ్లు పెరుగుటకు దానికి నెత్తురు కావలయును. మగదోమ చెట్లరసములతో కాలము గడపును. గ్రుడ్డు పిల్లయై, పిల్ల గూటిపురుగై, ఱెక్కలు వచ్చి యెగురుటకు మన వేడిదేశమున 8 మొదలు 10 దినములు చాలును. అంతవఱకు అది నీరు విడిచి పోజాలదు. ఎగిరిన పిమ్మట దానిని పట్టుట ఎవరితరము? కావున దోమతో పోరు నీటిలోనే చేయవలెను. అయితే ఏ నీటిలో?

సుశ్రుతసంహిత కల్పస్థానమున మశకములు ఐదువిధములని చెప్పబడినది: సాముద్రము, పరిమండలము, హస్తిమశకము, కృష్ణము, పార్వతీయము. పార్వతీయముకాటు ప్రాణాంతకకీటకముల కాటుతో సమానమని కూడ కలదు. దీనినిబట్టి మలేరియా రహస్యము మనవారికి ముందే తెలియునని వాదించువారు కలరు. నేనందుల కొప్పుకొనను. కాటు విషమని యెఱుగుట వేఱు, కాటువలన రోగబీజము ఒకదేహమునుండి వేఱొకదేహమునకు పోవునని యెఱుగుట వేఱు. కాని దోమలన్నియు నొక్కటి కావన్న పరిశీలన గొప్పది. రోనాల్డు రాసుగారు వేఱుజాతి దోమలను కోసి చూచుచు చిరకాలము వ్యర్థశ్రమ పడి, తుదకు 1897 ఆగష్టు 20వ తేదీన సికిందరాబాదులో మచ్చలఱెక్కల దోమ కడుపున మలేరియా బీజమును కనుగొనిరి.

మనకు ముఖ్యమైన జాతులు మూడు. మచ్చలఱెక్కల అనాఫిలీసు మలేరియాను తెచ్చును. పొలముల నీరు, పిల్లకాలువలు, వాగుగుంటలు, పట్టణములలో నూతులు, మిద్దెమీది తొట్లు దీని తావులు. క్యూలెక్సు మురుగున పుట్టును. రాత్రి చెవిలో పాడునదియు, మన జిల్లాలలో తరతరములుగ బోదకాలు తెచ్చినదియు నిదే. ఆ వ్యాధికి 1947లో హెట్రజానను మందు నిచ్చిన పరిశోధకబృందమునకు నాయకుడు 1895లో భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. అయినను ఆ మందు రోగములోని పురుగునకేగాని దోమకు గాదు. మూడవది డెంగీని తెచ్చు ఈడిసు. నల్లని కాళ్లమీద తెల్లని చారలుండును. మురుగు దీనికి గిట్టదు. రోలు, గోళెము, పూలకుండీక్రింది పళ్లెము, కూలరు, పాతటైరు, కొబ్బరిచిప్ప, విసరివైచిన ప్లాస్టిక్కు గ్లాసు, ఇది దాని రాజ్యము. పుట్టినచోటినుండి కొలదివందల గజములు సాధారణముగ దాటదు. అనగా నన్ను కుట్టిన దోమ నాయింటిదో పొరుగింటిదో గాని పొరుగూరిది కాదు.

నీరు వారమున కొకసారి పారబోయవలెననుట పైని చెప్పిన దినముల లెక్కనుబట్టియే. పారబోసి ఊరకుండుట చాలదు. ఈడిసు గ్రుడ్లు నీటియంచునకు పైగా పాత్రగోడ నంటియుండి, ఎండినను నెలలతరబడి చావవు. మరల నీరు తగులగనే పిల్లలగును. కావున కొబ్బరిపీచుతో గోడలు తోమవలెను. తోమలేని పెద్దతొట్లకు గుడ్డ బిగించి కట్టవలెను. మరుగుదొడ్డి గాలిగొట్టము కొనకు సన్నని వల కట్టుట అరగంటపని. చేసినవారు మాత్రము అరుదు. మురుగు పాఱునట్లు చేయ వీలుగాని చిన్నగుంటలో వాడిన యంత్రపునూనె కొంచెము పోసినచో, పైకివచ్చి గాలి పీల్చు పిల్లలు ఊపిరాడక చచ్చును. త్రాగునీటి దరి నిది తగదు. గంబూసియా చేపలును వానిని తినును. కాని మన చేపజాతులకు హాని చేయును గనుక నూతులలో, తొట్లలో విడుచుటయే మేలు, కాలువలలో వలదు.

పొగయంత్రము ఎగురుచున్న దోమలను కొన్నింటిని చంపుట నిజమే. కాని అది వచ్చునప్పుడు మనము తలుపులు మూసికొందుము. ఈడిసు లోపల మంచముక్రిందను, వ్రేలాడు బట్టలచాటునను కూర్చుండియుండును. రోటిలోని పిల్లలకు పొగ సోకనే సోకదు. మందుమీదనే భారము వేసిన ఫలమును దేశమొకసారి చూచినది. 1953లో డీ.డీ.టీ. చల్లుట జాతీయకార్యముగ నారంభమై, 1965 నాటికి మలేరియా రోగుల లెక్క ఏటికి ఇంచుమించు 1 లక్షకు దిగెను. దోమలు మందునకు లొంగకపోవుటయు, పని సడలుటయు తోడై, 1976లో అది 64 లక్షలు దాటెను.

మా వీథిలో శుక్రవారమునాడు గడప కడుగుట ఎట్లును ఆచారమే. దానితోడనే గోళెములు తోముటయు చేర్చితిమి. తొలుత నవ్వినవారుండిరి. తాళము వేసిన యొక యింటిపెరడు మాత్రము చాలకాలము మాకు చిక్కై, యజమానికి జాబు వ్రాసి తాళపుచెవి తెప్పించుకొంటిమి. ఇక మా రోటిని బోర్లించుటకు నా బలము చాలదు. మనుమరాలు దానిని మట్టితో నింపి మరువము నాటినది.