ఈడెన్ గార్డెన్స్‌లో ఆర్సెనల్ ఆటగాడు

1945 నవంబరు నెలలో కలకత్తా నగరం కుతకుతలాడుతున్నది. ఢిల్లీ ఎర్రకోటలో ఆజాద్ హింద్ ఫౌజ్ అధికారులపై విచారణ సాగుతుండగా, దానిని నిరసిస్తూ 21వ తేదీన విద్యార్థులు జరిపిన ఊరేగింపుపై ధర్మతలా వీధిలో పోలీసులు కాల్పులు జరిపారు. రామేశ్వర్ బెనర్జీ అనే విద్యార్థి నేలకొరిగాడు. ఆ రోజులలోనే, అక్కడికి ఎంతో దూరం లేని ఈడెన్ గార్డెన్స్‌లో ఆస్ట్రేలియన్ సర్వీసెస్ జట్టుకూ తూర్పు మండల జట్టుకూ క్రికెట్ పోటీ జరిగింది. మన పక్షాన బ్యాటు పట్టినవారిలో బ్రిటిష్ సైన్యానికి చెందిన ఒక తెల్ల సైనికుడున్నాడు. అతడే డెనిస్ కాంప్టన్.

క్రికెట్ ప్రియులకు ఈ పేరు పరిచయం చేయనక్కరలేదు. కాని, చలికాలమంతా అతడు ఫుట్‌బాల్ ఆడి జీవనం గడుపుకొన్న వృత్తి క్రీడాకారుడన్న సంగతి మనలో చాలామంది ఎరుగరు. 1918లో లండన్ శివారు హెండన్‌లో పుట్టిన కాంప్టన్, 1936లో పద్దెనిమిదో ఏట ప్రఖ్యాత ఆర్సెనల్ క్లబ్బు తరఫున ఎడమ వింగులో బరిలోకి దిగాడు. అన్న లెస్లీ కూడా అదే క్లబ్బు ఆటగాడు.

1939 సెప్టెంబరు 3న యుద్ధం వచ్చిపడింది. అప్పటికి మూడేసి ఆటలైనా పూర్తిగా ముగియని ఇంగ్లీషు లీగ్ ఆగిపోయింది. ఆర్సెనల్ వారి హైబరీ మైదానం పౌర రక్షణ దళాల వశమైంది. జట్టు పోయి చిరకాల ప్రత్యర్థి టాటెన్‌హామ్ వారి మైదానంలో తలదాచుకొన్నది! ప్రజలకు కాస్త ఊరట కలగాలని ప్రాంతీయ పోటీలు నడిపారు. కాంప్టన్ వాటిలో ఆడాడు. ఇంగ్లండు జట్టుకు 12 మార్లు ఆడాడు. అయితే యుద్ధకాలపు ఆటలు అధికారిక లెక్కలోకి రావు కనుక, రికార్డు పుస్తకాలలో అతడు ఇంగ్లండుకు ఒక్కసారైనా ఆడని ఫుట్‌బాల్ క్రీడాకారుడే. ఇరవై ఒకటి మొదలు ఇరవై ఎనిమిది దాకా, వింగు ఆటగాడి కాళ్లలో చురుకు నిండుగా ఉండే వయస్సు అంతా ఇలా లెక్కకు రాకుండా పోయింది.

1944లో సైన్యం అతనిని భారతదేశానికి పంపింది. ఇండోరుకు సమీపంలోని మౌ దండులో సైనికులకు వ్యాయామ శిక్షణ ఇవ్వడం అతని పని. ఇండోరులో హోల్కరు జట్టుకు నాయకుడు సి.కె. నాయుడు. నాగపూరులో స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టి, 1932లో భారతదేశపు తొలి టెస్టు నాయకుడైన కొట్టారి కనకయ్య నాయుడే ఆయన. ఏబదికి చేరువలో ఉన్నా ఆయన క్రమశిక్షణ కొంచెమైనా సడలలేదు. 1945 మార్చిలో బొంబాయితో జరిగిన రంజీ ట్రోఫీ ఫైనల్లో హోల్కరు గెలవాలంటే రెండవ ఇన్నింగ్సులో 867 పరుగులు చేయాలి. కాంప్టన్ 249 పరుగులతో అజేయంగా నిలిచాడు. జట్టు మాత్రం 492కు కూలి, 374 పరుగుల తేడాతో ఓడింది. నూరు దాటిన ప్రతి పరుగుకూ రొక్కం ముట్టజెబుతానని మాట ఇచ్చిన ఒక వర్తకుడు, తీరా ఆట ముగిశాక అత్యవసర కార్యం మీద కలకత్తా వెళ్లవలసి వచ్చిందని చీటీ పెట్టి మాయమైనాడట. ఈ కథ కాంప్టన్ స్వయంగా చెప్పుకొన్నదే. కథకులలోనూ అతడు ఘనుడే కనుక, కొంత తరుగు తీసి పుచ్చుకోవచ్చు.

ఇక ఈడెన్ గార్డెన్స్. కాంప్టన్ శతకం వైపు సాగుతుండగా నినాదాలు చేస్తూ ఒక గుంపు మైదానంలోకి చొరబడింది. వారిలో ఒకడు నేరుగా అతని దగ్గరికి వచ్చి, తమరు చాలా మంచి ఆటగాడే గాని ఇక వెళ్లక తప్పదని మర్యాదగా విన్నవించుకొన్నాడు. పాలకజాతి సైనికుడు ఎదుటపడితే ఆ ఆవేశంలో ఏమైనా జరిగి ఉండవచ్చు. ఏమీ జరగలేదు. ఆట తిరిగి సాగాక కాంప్టన్ శతకం పూర్తి చేశాడు. ప్రత్యర్థి జట్టులోని కీత్ మిల్లర్ ఆ మాటలను మరువలేదు. తరువాతి టెస్టులలో కాంప్టన్ బ్యాటింగుకు వచ్చినప్పుడల్లా అవే వల్లించి ఆటపట్టించేవాడు.

1946లో లీగ్ తిరిగి మొదలైంది. కాని అప్పటికి క్రికెట్ అతనిని పూర్తిగా లాగుకొన్నది. 1947 వేసవి ఒక్కదానిలోనే 3,816 పరుగులు, 18 శతకాలు! 1938లో ఫుట్‌బాల్ మైదానంలో దెబ్బ తిన్న మోకాలు అప్పటికే బాధించసాగింది. అయినా 1948లో లీగ్ విజేతల పతకం, 1950లో లివర్‌పూల్‌ను 2-0తో ఓడించిన ఎఫ్.ఎ. కప్ ఫైనల్లో మరో పతకం సంపాదించి ఫుట్‌బాల్ నుండి తప్పుకొన్నాడు. 1955లో వైద్యులు ఆ మోకాలిచిప్పను తొలగించారు. మరుసటి ఏడు అదే కాలితో ఆస్ట్రేలియాపై టెస్టు ఆడి 94 పరుగులు చేశాడు.