రాయి లేని సీమలో రాతిపొరల చదువు

దివిసీమలో గునపం ఎక్కడ దింపినా రాయి తగలదు. గుడివాడ నల్లరేగడిలో కాని, బందరు ఉప్పునేలల్లో కాని గులకరాయి ఒకటి దొరికితే పిల్లలు ఆటకు దాచుకుంటారు. ఇటువంటి చోట భూమి చరిత్ర చదవడానికి ఏమున్నదని తోచవచ్చు. వున్నది, అయితే ఆ పుస్తకం నేలక్రింద వున్నది.

దానిని చదివే పద్ధతి నేర్పినవారిలో ముఖ్యుడు విలియం స్మిత్ అనే ఆంగ్లేయుడు. ఆయన కాలువల త్రవ్వకానికి సర్వే చేసే ఉద్యోగి. కాలువకోసం తెగిన నేలను చూస్తూ, ఒక్కొక్క పొరలో ఒక్కొక్క రకం గవ్వలు వుంటవనీ, ఎన్ని మైళ్ళు పోయినా ఆ వరుస మారదనీ గ్రహించాడు. 1815లో ఇంగ్లండు, వేల్సుల పొరల పటాన్ని ప్రచురించాడు. అడుగున పడింది ముందటిది, పైన పడింది తరువాతది అని గాదెలో ధాన్యం పోసే రైతుకూ తెలుసు. గవ్వలనుబట్టి దూరదూరాన వున్న రెండు పొరలు ఒక్క కాలానివేనని చెప్పవచ్చుననడమే స్మిత్ తెచ్చిన కొత్త సంగతి. కృష్ణా కాలువలు త్రవ్విన వారికి డెల్టాలో ఆ భాగ్యం లేదు. వారికి తగిలింది మట్టి, ఇసుక.

అయినా మట్టికీ ఇసుకకూ కూడా వరుస వున్నది. డెల్టాలో సముద్రానికి చాలా ఎడంగా, ఇంచుమించు తీరానికి సమాంతరంగా ఇసుక మెరకలు కనిపిస్తవి. ఇవి పాత సముద్రపు ఒడ్డులు. మంచుయుగం తరువాత పొంగిన సముద్రం సుమారు 6, 7 వేల సంవత్సరాల క్రితం నేటి మట్టానికి దాదాపుగా చేరింది. ఆ పిమ్మట కృష్ణ తెచ్చిన ఒండ్రు దానిని క్రమంగా వెనుకకు నెట్టింది. ఒడ్డు ముందుకు జరిగినకొద్దీ పాత ఒడ్డులు లోపల మిగిలిపోయినవి.

దివిసీమ వారికి ఇది త్రాగే నీటి సంగతి. మెరక ఇసుకలో దొరువు తీస్తే వాననీరు ఇంకిన తియ్యని ఊట పడుతుంది. అదే చోట బోరు లోతుగా దింపితే ఉప్పునీరు వస్తుంది. నేటి సముద్రమే నేలలోకి చొచ్చుకువచ్చిందని జనం అనుకుంటారు. అన్నిచోట్లా అది నిజం కాదు. ఆనాడు సముద్రం క్రింద పేరుకున్న బంకమట్టి ఆ సముద్రపు నీటినే పట్టుకొని కూర్చున్నది. మంచినీరు తేలిక గనుక దానిపై తేలుతుంది. సముద్రమట్టానికి ఒక అడుగు ఎత్తున మంచినీరు నిలిచివుంటే, దిగువన సుమారు 40 అడుగుల మంచినీటికి ఆధారం. పంపుతో తోడి పైమట్టం ఒక్క అడుగు తగ్గిస్తే, కాలక్రమాన ఉప్పునీరు 40 అడుగులు పైకి ఎక్కగలదు.

ఇంకా లోతుకు పోతే అసలైన రాతిపొరలు వస్తవి. 13 కోట్ల సంవత్సరాలకు పూర్వం మన తూర్పుతీరం అంటార్కిటికా ఖండంనుంచి విడిపోతున్నప్పుడు ఇక్కడి నేల పగిలి మిట్టపల్లాలుగా కుంగింది. గుడివాడ క్రింద అటువంటి పల్లం ఒకటి, కాజ, కైకలూరుల క్రింద అటువంటి మిట్ట ఒకటి వున్నవి. పైన చూస్తే అంతా సమతలమే! కైకలూరు, లింగాల ప్రాంతాలలో ఓ.ఎన్.జి.సి. త్రవ్విన బావులలో చమురు, వాయువులు దొరికినవి.

ఇన్ని వేల అడుగుల లోతున ఏ పొర తగిలిందో తెలిసేది ఎట్లా? బోరులోకి పంపిన బురద తిరిగి పైకి వస్తూ రాతి తునకలను తెస్తుంది. వాటిని కడిగి సూక్ష్మదర్శిని క్రింద పెడితే ఫొరామినిఫెరా అనే ఏకకణ జీవుల పెంకులు కనిపిస్తవి. వీటిలో చాలావరకు ఆవగింజకన్న చిన్నవి. ఇక్కడ ఒక మోసం వున్నది. బోరు గోడలు రాలి, పైపొరల పెంకులు అడుగు తునకలలో కలుస్తవి. ఆ కలిసినదానిని నమ్మితే పాతపొరకు కొత్త వయస్సు కడతాము. కోట్లు ఖర్చుచేసిన బావి దారి తప్పుతుంది. అందుచేత పైనుంచి దిగుతూ వుండగా ఒక జాతి మొదటిసారి కనిపించిన లోతునే లెక్కలోకి తీసుకుంటారు. అది ఆ జాతి అంతరించిన కాలానికి గుర్తు. క్రిందివైపున అది ఎంతదాకా కనిపించినా ఆ హద్దును అంతగా పట్టించుకోరు.

ఈ లోతుపొరలను కంటితో చూడదలచిన వారు ఏలూరుకు ఎగువనున్న మెట్టకు పోవాలి. పొరలు అక్కడ పైకి తేలి, ఆగ్నేయానికి వాలి డెల్టా క్రిందికి దిగుతవి. నూజివీడు దగ్గరి గొల్లపల్లి ఇసుకరాయి, దానిపైన రాఘవాపురం మట్టిరాయి, ఆపైన తిరుపతి ఇసుకరాయి. ఈ తిరుపతి ఏడుకొండలది కాదు, ద్వారకా తిరుమల. 1880లో విలియం కింగ్ వీటిని వర్ణించాడు, 1969లో ఎస్.ఎన్. భల్లా రాఘవాపురం రాతిలోని ఫొరామినిఫెరాలను వివరించాడు. గుడివాడ పల్లంలో చమురుకు పుట్టినిల్లుగా ఎంచే పొరలలో ముఖ్యమైనది ఈ రాఘవాపురం మట్టిరాయే.

10 కోట్ల సంవత్సరాలు దాటిన ఆ మట్టిరాతిలో నేలమొక్కల ఆకుల అచ్చులూ, సముద్రంలో బ్రతికిన అమ్మొనైటుల చుట్టల గవ్వలూ రెండూ దొరికినవి. ఆకు కుళ్ళక ముందే మట్టిలో చేరాలంటే అడవి దగ్గరనే వుండివుండాలి. అంటే ఆనాటి ఒడ్డు ఆ మెట్ట దరిదాపులలోనే వుండేది. బందరు వున్నచోట అప్పుడు సముద్రం.