గడ్డి కోసే మిషన్: పెట్రోలుదా? బ్యాటరీదా?

వానాకాలంలో మన కోనసీమ కొబ్బరి తోటల్లో గడ్డి మోకాలెత్తు పెరుగుతుంది. ఒకప్పుడు కొడవలితో కోసేవారు. ఇప్పుడు భుజానికి తగిలించుకునే మిషన్లు వచ్చాయి. సెలవుల్లో ఇంటికెళ్ళినప్పుడు మనలో ఎవరైనా దాన్ని పట్టవలసి రావచ్చు. అందుకే ఈ నాలుగు మాటలు.

పెట్రోలు మిషన్‌తో మూడు ప్రమాదాలు: నిప్పు, పొగ, మోత. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు. నేలబారున పాకి, నిప్పు తగిలితే భగ్గుమంటుంది. కాబట్టి ఇంజన్ చల్లారాకే పెట్రోలు పోయాలి. పొగలోని కార్బన్ మోనాక్సైడు విషవాయువు. దానికి రంగూ వాసనా ఉండవు. మూసిన షెడ్డులో స్టార్టు చేయరాదు. 85 డెసిబెల్స్ దాటిన మోత రోజూ గంటల తరబడి వింటే వినికిడి తగ్గుతుంది. పెట్రోలు మిషన్ల మోత సాధారణంగా అంతకు మించే ఉంటుంది.

బ్యాటరీ మిషన్‌కు పొగ లేదు, మోత తక్కువ. అయితే లిథియం అయాన్ బ్యాటరీ దెబ్బతిన్నా, సరిపడని చార్జరు పెట్టినా మంటలు రావచ్చు. ఉబ్బిన బ్యాటరీని వాడనే వాడకూడదు. ఇంకో సంగతి, చప్పుడు లేదుగదా అని ఆగిపోయిందనుకుంటాం. మీట తగిలితే చాలు, బ్లేడు తిరుగుతుంది. చుట్టుకున్న గడ్డి తీసేముందు బ్యాటరీ ఊడదీయాలి. పెట్రోలుదైతే ఇంజన్ ఆపి, ప్లగ్గు వైరు తీయాలి.

ఏ మిషనైనా బ్లేడు బ్లేడే! రాయి, కొబ్బరిచిప్ప ముక్క తూటాలా ఎగురుతాయి. 15 మీటర్ల లోపు ఎవరినీ రానివ్వకూడదు. కళ్ళద్దాలు, బూట్లు తప్పనిసరి.

బ్యాటరీది కొంత మేలు, అంతే. మిత్రులారా, పనికి పిలిచినవారిని కళ్ళద్దాలు అడగడానికి మొహమాటపడకండి. పోయిన కూలి మర్నాడు వస్తుంది. పోయిన కన్ను రాదు.