ఇరవై ఏడు సదస్సులు... ఒకటే మాట!

ఎగువ రైతు రాత్రికి రాత్రి గట్టు తెంపేశాడు. దిగువనున్న చేను మునిగింది. ఊళ్లో అయితే ఏం చేస్తాం? పొద్దున్నే పెద్దమనుషుల్లో పెడతాం. నష్టం ఎంతో లెక్క తేలుస్తారు. తెంపినవాడు ఎంతో కొంత ఇచ్చుకుంటాడు. ఇవ్వకపోతే కనీసం నాలుగు రోజులు తలెత్తుకు తిరగలేడు.

అదే గట్టు తెంపింది కొన్ని దేశాలై, మునిగింది ఇంకో దేశమైతే? ఆ తగువు ఎక్కడ పెట్టాలి?

ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని బంగ్లాదేశ్‌ ప్రొఫెసర్‌ ఒకాయన దాదాపు మూడు దశాబ్దాలు ప్రపంచమంతా తిరిగారు. పేరు సలీముల్‌ హక్‌. వాతావరణ మార్పుల మీద ఐక్యరాజ్యసమితి ఏటా పెద్ద సదస్సు పెడుతుంది కదా, అందరూ ‘కాప్‌’ అంటుంటారు. 1995లో బెర్లిన్‌లో జరిగిన మొదటి కాప్‌ నుంచి 2022లో ఈజిప్టులో జరిగిన 27వ కాప్‌ దాకా ఆయన ఒక్కటీ మానలేదు. ఒక సర్టిఫికెట్‌ కోసం మూడోసారి ఆఫీసుకి రమ్మంటేనే మనకి ఒళ్లు మండుతుంది. ఈయన 27సార్లు వెళ్లారు!

లండన్‌ డిగ్రీ... ఢాకా ఉద్యోగం

హక్‌ 1952లో కరాచీలో పుట్టారు. అప్పటికి బంగ్లాదేశ్‌ అనే దేశమే లేదు, అది పాకిస్థాన్‌లో భాగం. ఇంట్లోవాళ్లది దౌత్య ఉద్యోగం కావడంతో చిన్నతనమంతా దేశాలు మారుతూనే గడిచింది. లండన్‌లోని ఇంపీరియల్‌ కాలేజీలో వృక్షశాస్త్రంలో పీహెచ్‌డీ చేశారు. అంటే మొదట్లో ఆయన పని మొక్కలతో. ఆ డిగ్రీతో అక్కడే హాయిగా స్థిరపడిపోవచ్చు. కానీ ఢాకా వచ్చేశారు.

1980ల మధ్యలో మిత్రుడు అతీక్‌ రెహమాన్‌తో కలిసి ‘బంగ్లాదేశ్‌ సెంటర్‌ ఫర్‌ అడ్వాన్స్‌డ్‌ స్టడీస్‌’ అనే పరిశోధన సంస్థ పెట్టారు. పేద దేశానికి ముందు రోడ్లు, కరెంటు కావాలిగానీ పర్యావరణం గొడవ ఎందుకు అని చాలామంది అనుకునే రోజులవి. నిజానికి ఆ దేశంలో ఈ రెండింటినీ విడదీయడం కుదరదు. వరద వస్తే రోడ్డూ పోతుంది, బడీ పోతుంది, వరీ పోతుంది.

తర్వాత 2001లో లండన్‌లోని ఐఐఈడీ సంస్థలో చేరి, అక్కడ వాతావరణ మార్పుల విభాగాన్ని తీర్చిదిద్దారు. ఐపీసీసీ నివేదికల రచయితల్లో ఒకరయ్యారు. 2009లో మళ్లీ ఢాకా! అక్కడి ఇండిపెండెంట్‌ యూనివర్సిటీలో వాతావరణ మార్పులు, అభివృద్ధి మీద ఒక అంతర్జాతీయ కేంద్రాన్ని మొదలుపెట్టారు. చివరిదాకా దానికి డైరెక్టరు, విద్యార్థులకు ప్రొఫెసర్‌ ఆయనే. మధ్యమధ్యలో ‘డైలీ స్టార్‌’ పత్రికకు వ్యాసాలు.

నాకు బాగా నచ్చిన విషయం ఇంకొకటుంది. 2005 నుంచి ఆయన ముందుండి నడిపించిన సదస్సులు కొన్ని ఉన్నాయి. ఊళ్లలో జనం వాతావరణ మార్పుల్ని ఎలా తట్టుకుంటున్నారన్నదే వాటి విషయం. వచ్చినవాళ్లని నేరుగా ఏసీ హాల్లోకి తీసుకెళ్లరు. ముందు పల్లెలకు పంపిస్తారు. అక్కడి రైతులతో, ఆడవాళ్లతో మాట్లాడి వచ్చాకే ఉపన్యాసాలు.

ప్రాణం దక్కింది, మరి ఇల్లు?

బంగాళాఖాతం తుపానుల గురించి మనకి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. 1977 దివిసీమ ఉప్పెన మాట ఎత్తితే కృష్ణా జిల్లా పెద్దవాళ్ల గొంతు ఇప్పటికీ మారిపోతుంది. అదే సముద్రం 1970 నవంబరులో అవతలి ఒడ్డున విరుచుకుపడింది. దాన్ని భోలా తుపాను అంటారు. తక్కువలో తక్కువ అంచనా వేసినా మూడు లక్షల మంది చనిపోయారు.

ఇప్పుడు 2020కి రండి. కరోనా మంచి ఊపులో ఉండగా అంఫన్‌ తుపాను వచ్చింది. బంగ్లాదేశ్‌ 20 లక్షల మందికి పైగా జనాన్ని ముందే ఖాళీ చేయించింది. అక్కడ మృతుల సంఖ్య పదుల్లోనే ఆగింది. దీని వెనక ఏళ్ల తరబడి కట్టుకుంటూ వచ్చిన తుపాను షెల్టర్లున్నాయి. మైకులు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగే వేలమంది వలంటీర్లున్నారు. హక్‌ దీన్ని విదేశాల్లో గర్వంగా చెప్పుకునేవారు. తుపానుల విషయంలో మా దగ్గర నేర్చుకోండి అని ధనిక దేశాలకే చెప్పేవారు.

అసలు చిక్కంతా ఆ తర్వాతే. షెల్టరు నుంచి ఇంటికొచ్చిన మనిషికి ఇల్లుండదు. చెరువులోకి ఉప్పునీళ్లు వచ్చేస్తాయి, తాగడానికి పనికిరావు. పొలం ఉప్పుతేలి వరి పండదు. కరకట్ట ఎత్తు పెంచుకోవచ్చు, వాననీటి ట్యాంకు కట్టుకోవచ్చు, ఉప్పుని తట్టుకునే వరి వంగడం వేసుకోవచ్చు. అన్నీ చేశాక కూడా పోయేది కొంత ఉంటుంది. కాప్‌ భాషలో దాని పేరు ‘లాస్‌ అండ్‌ డ్యామేజ్‌’. ప్రపంచం వదిలే కర్బన ఉద్గారాల్లో బంగ్లాదేశ్‌ వాటా ఒక శాతం కూడా లేదు. మరి ఆ పోయినదానికి డబ్బు ఎవరివ్వాలి? హక్‌ అడిగింది అంతే.

మాట మార్చిన సభలు

ఈ డిమాండ్‌ ఆయనతో మొదలైంది కాదు. 1991లోనే చిన్న ద్వీప దేశాల తరఫున వనువాటు అడిగింది. ఎవరూ పట్టించుకోలేదు. ధనిక దేశాల భయం ఒకటే: ఒకసారి ‘పరిహారం’ అని ఒప్పుకుంటే ఆ లెక్కకి అంతుండదని. అందుకే 2013లో వార్సాలో ఈ నష్టాల కోసం ఒక యంత్రాంగం పెట్టారుగానీ అందులో డబ్బు లేదు. 2015 పారిస్‌ ఒప్పందంలో ఏకంగా ఎనిమిదో అధికరణాన్నే ఇచ్చి, దీని ఆధారంగా బాధ్యతగానీ పరిహారంగానీ అడగకూడదని పక్క తీర్మానంలో మెలిక పెట్టారు. 2021లో గ్లాస్గోలో నిధి కావాలని అడిగితే ‘మాట్లాడుకుందాం’ అన్నారు. నిజంగానే! అక్కడ దక్కింది చర్చల కార్యక్రమం ఒక్కటే. అదే సభలో స్కాట్లాండ్‌ మాత్రం తనవంతుగా 20 లక్షల పౌండ్లు ఇస్తానంది. మొత్తం చిన్నదేగానీ, ఈ పేరు మీద డబ్బు ఇస్తానన్న మొదటి ప్రభుత్వం అదే.

ఇన్నేళ్లూ హక్‌ వెనక వరసలో కూర్చుని చేసిన పని ఏంటంటే, బాగా వెనకబడిన దేశాల ప్రతినిధులకు సలహాలివ్వడం, శిక్షణ ఇవ్వడం. ధనిక దేశం నుంచి లాయర్లు, నిపుణులు పదుల్లో దిగుతారు. పేద దేశం నుంచి వచ్చేది కొద్దిమందే. ఒకేసారి నాలుగు గదుల్లో చర్చలు నడుస్తుంటే ఏ గదికి పోవాలి? ఏ కాగితంలో ఏ పదం మారిందో ఎవరు చూడాలి? ఈ గొడవంతా తెలిసిన మనిషి పక్కనుంటే ఆ బలమే వేరు.

2022 నవంబరు 20. ఈజిప్టులోని షర్మ్‌ ఎల్‌ షేక్‌లో సదస్సు గడువు దాటిపోయినా చర్చలు తెగలేదు. తెల్లవారకముందే నిర్ణయం వచ్చింది: నిధి పెడుతున్నాం! ఆ డిసెంబరులో ‘నేచర్‌’ పత్రిక ఏడాదిలో సైన్సును ప్రభావితం చేసిన పదిమంది జాబితా వేస్తే అందులో హక్‌ ఉన్నారు.

ఆ నిధికి రూపం ఇచ్చే పని ఏడాది పట్టింది. 2023 నవంబరు 30న దుబాయ్‌లో, 28వ కాప్‌ మొదటి రోజే దానికి ఆమోదం దొరికింది. హాల్లో అందరూ లేచి చప్పట్లు కొట్టారు. హక్‌ అక్కడ లేరు. సరిగ్గా 33 రోజుల ముందు, అక్టోబరు 28న ఢాకాలో చనిపోయారు. వయసు 71.

ఆ రోజు యూఏఈ, జర్మనీ చెరో 10 కోట్ల డాలర్లు ప్రకటించాయి. అమెరికా 1.75 కోట్లు ఇస్తానంది. చదువుతుంటే నాకైతే నవ్వాలో ఏడవాలో అర్థం కాలేదు. తొలి హామీలన్నీ కలిపినా వంద కోట్ల డాలర్లు కాలేదు. 2025లో అమెరికా ఆ నిధి బోర్డు నుంచే తప్పుకుంది.

హక్‌ ఈ నిధి కోసమే చేతులు కట్టుకుని కూర్చోలేదు. తీరం నుంచి జనం వలస రావడం ఎలాగూ ఆగదు, అందరూ ఢాకా మురికివాడల్లోనే ఎందుకు ఇరుక్కోవాలి అనేవారు. చిన్న పట్టణాలనే ముందుగా సిద్ధం చేయాలన్నది ఆయన ఆలోచన. సుందరబన్స్‌ పక్కనున్న ఓడరేవు పట్టణం మోంగ్లాను ఇందుకు ఉదాహరణగా చూపించేవారు. అక్కడ వరద నీటికి కట్ట, మురుగు కాలువలు, పక్కనే ఫ్యాక్టరీల్లో ఉద్యోగాలు. చేపలు పట్టేవాళ్ల పిల్లలు మళ్లీ చేపలే పట్టాలని లేదు, ముఖ్యంగా ఆడపిల్లల్ని బాగా చదివించండి, వాళ్లే నచ్చిన ఊరు చూసుకుని వెళ్తారు అని వాదించేవారు. ఆయన ఆ మాటలు చెప్పినప్పుడు బడిలో ఉన్న పిల్లల్లో కొందరు ఈపాటికి ఆ ఊరేదో వెతుక్కుంటూనే ఉంటారు.