పేరు ఖాళీ అయితే ఫైళ్లన్నీ ఖాళీ

కలకత్తా బరానగర్‌లోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో 1956లో హెచ్‌ఈసీ-2ఎం పని మొదలుపెట్టింది. మన దేశంలో తొలి డిజిటల్ కంప్యూటర్ అదే. గణాంక శాస్త్రవేత్తలు మహలనోబిస్ స్థాపించిన, సి.ఆర్. రావు దశాబ్దాలపాటు పనిచేసిన ఆ సంస్థలో లెక్కల వివరాలు చిల్లులు కొట్టిన కార్డుల మీద ఉండేవి. డ్రమ్ము మెమరీలో సమాచారం చెరిగిపోతే కార్డులను మళ్లీ చదివిస్తే సరిపోయేది. ప్రోగ్రాము ఎంత తప్పుగా నడిచినా కార్డుల కట్ట చెక్కుచెదరదు.

నేటి ప్రోగ్రాముకు ఆ హద్దు లేదు.

2021 డిసెంబరులో జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయ సూపర్ కంప్యూటర్‌లో, పాత లాగ్ ఫైళ్లను మాత్రమే తీసేయాల్సిన బ్యాకప్ స్క్రిప్టు సుమారు 3.4 కోట్ల పరిశోధన ఫైళ్లను తుడిచిపెట్టింది. పోయినది దాదాపు 77 టెరాబైట్లు. స్క్రిప్టు నడుస్తుండగానే దాన్ని మార్చడంతో, ఆదేశాలను అమలుచేసే షెల్ కొత్త స్క్రిప్టును మధ్యలోంచి చదివింది. ఫోల్డరు పేరు ఉండాల్సిన వేరియబుల్ ఖాళీగా ఉండిపోయింది. నష్టపోయిన 14 బృందాల్లో నాలుగింటి ఫైళ్లు బ్యాకప్ నుంచి కూడా తిరిగి రాలేదు. 2015లో ఆటల వేదిక స్టీమ్ లినక్స్ స్క్రిప్టులోనూ ఇదే లోపం బయటపడింది: ఖాళీ పేరు పక్కన వాలుగీత (/), నక్షత్రం (*) చేరి, అది డిస్కు మొత్తాన్ని చెరపమనే ఆదేశంగా మారింది.

యునిక్స్ తరహా వ్యవస్థల్లో ‘అన్‌లింక్’ ఆదేశం తీసేది ఫోల్డరులోని పేరును మాత్రమే. ఆ ఫైలుకు మరో పేరున్నా, ఏదైనా ప్రోగ్రాము దాన్ని తెరిచి ఉంచినా సమాచారం డిస్కులోనే ఉంటుంది. అవేవీ లేకపోతే ఆ చోటు ఖాళీ అయినట్టు నమోదవుతుంది. దానిమీద కొత్త సమాచారం పడితే పాతది పోయినట్టే. అందుకే చెరిపాక వెతుక్కోవడం కన్నా చెరిపే ముందు చూసుకోవడమే నయం.

అయితే చూసుకోవడమొక్కటే చాలదు. తనిఖీకీ తొలగింపుకూ మధ్య క్షణంలో మరో ప్రోగ్రాము ఆ ఫోల్డరును తీసి, అదే పేరుతో వేరేచోటికి దారితీసే సింబాలిక్ లింకు పెట్టవచ్చు. రస్ట్ ప్రోగ్రామింగ్ భాష ప్రామాణిక లైబ్రరీలోనే ఈ లొసుగు కనిపించింది. 2022 జనవరిలో దాన్ని సరిదిద్దారు. ఫోల్డరును ఒకసారి తెరిచి, తెరిచిన దాని ద్వారానే లోపలి ఫైళ్లను తీసేయడం దీనికి మందు.

తొలగించే కోడ్ రాసేవారు వేరియబుల్ ఖాళీగా ఉంటే ప్రోగ్రామును అక్కడే ఆపేయాలి. అనుమతించిన ఫోల్డరు దాటి పోనివ్వకూడదు. వీలైనచోట నేరుగా చెరపకుండా చెత్తబుట్టకు పంపాలి. తొలిసారి నడిపేటప్పుడు ఏమీ తొలగించకుండా, తొలగించబోయే పేర్లను మాత్రం తెరమీద చూపించి, వాటిని ఒక్కొక్కటిగా చదవండి.