కర్బన సమ్మేళనముల పేర్లు – వ్యాకరణపు త్రోవ

పదవ తరగతి పరీక్షకు కూర్చుండబోవు బాలబాలికలకును, వారి తలిదండ్రులకును కర్బన రసాయనమును గూర్చి నాలుగు మాటలు చెప్పుట నేటి నా ప్రసంగోద్దేశము. నేను తెలుగు పండితుడను. పాఠశాలలో చిరకాలము వ్యాకరణము బోధించి, ఉద్యోగము విరమించి, బుచ్చయ్యపేటలో నివసించుచున్నాను. సాయంకాలము నా యరుగుమీదికి చదువుకొన వచ్చు పిల్లలు లెక్కలకు జంకరు గాని, కర్బనపు పాఠము వచ్చునప్పటికి, “మాస్టారూ, ఈ పేర్లు నోటికి రావు, దీనిని వదలివేసెదము” అందురు. వదలునది మార్కులు మాత్రమే కాదు. ఈ పాఠమునకు వెరచిన బిడ్డ వైద్యమునకును, ఔషధశాస్త్రమునకును, వ్యవసాయశాస్త్రమునకును పోవు త్రోవను తానే మూసికొనును. కాన ఈ భయము నిష్కారణమని చూపదలచితిని. ఆ పేర్లు వల్లె వేయవలసినవి కావు. ధాతువునకు ప్రత్యయమును చేర్చి సాధించుకొనవలసినవి.

మొదట మూలసూత్రము. కర్బన పరమాణువునకు వెలుపలి కక్ష్యలో నాలుగు ఎలక్ట్రానులు గలవు; నిండుదనమునకు ఎనిమిది కావలెను. నాల్గింటిని విడుచుటయు కష్టమే, నాల్గింటిని లాగికొనుటయు కష్టమే. అందువలన అది ఇరుగుపొరుగు పరమాణువులతో పంచుకొని బ్రదుకును. ఇదియే సమయోజనీయ బంధము. కర్బనమునకు నాలుగు చేతులని భావింపుడు. ఏ నిర్మాణము గీచినను ప్రతి కర్బనము చుట్టును నాలుగు గీతలున్నవో లేవో లెక్కించుడు. పెక్కు తప్పులు అక్కడనే పట్టుబడును. అదిగాక కర్బనము కర్బనముతోనే చేయి కలిపి, గొలుసులుగను వలయములుగను పెరుగగలదు. ఇన్ని లక్షల సమ్మేళనములకు ఇదియే హేతువు. ఇట్టివి ప్రాణుల శరీరములందు మాత్రమే పుట్టునని పూర్వము తలచెడివారు. 1828లో వోలర్ అను జర్మను శాస్త్రజ్ఞుడు అమ్మోనియం సయనేటునుండి యూరియాను ప్రయోగశాలలో సిద్ధము చేయుటతో ఆ నమ్మకము సడలినది.

ఇక పేర్లు. “చేయు” అను ధాతువు తెలిసినవానికి “చేసెను, చేయును, చేయడు” అను రూపములు వేరువేరుగ వల్లె వేయ బనిలేదు గదా! ఇచ్చటను అట్లే. పేరునకు మూడు అంగములు. మొదటిది గొలుసులోని కర్బనముల సంఖ్య: ఒకటికి మెథ్, రెంటికి ఎథ్, మూటికి ప్రొప్, నాల్గింటికి బ్యూట్. రెండవది కర్బనముల నడిమి బంధము: అన్నియు ఏకబంధములైన ఏన్, ద్విబంధమున్న ఈన్, త్రిబంధమున్న ఐన్. రెండు కర్బనములనే గైకొనుడు. ఈథేనునకు ఉదజనులు, అనగా హైడ్రోజనులు, ఆరు. కాయలను మాగించు ఈథీనునకు నాలుగు. వెల్డింగునకు వాడు ఈథైనునకు రెండు. బంధము పెరిగినకొలది ఖాళీ చేతులు తగ్గుటయే కారణము. మన వంటగ్యాసు బండలోని ప్రొపేన్, బ్యూటేన్ అను పేర్లను మీరే విడదీసి చూచుకొనుడు.

మూడవ అంగము ప్రమేయ సమూహమును తెలుపు ప్రత్యయము: ఆల్కహాలునకు ఓల్, ఆల్డిహైడునకు ఆల్, కీటోనునకు ఓన్, కార్బాక్సిలికామ్లమునకు ఓయిక్ ఆమ్లము. ఇచ్చట తెలుగు వ్రాయువారు మెలకువగా నుండవలెను. పెట్రోలులో కలుపు మద్యసారమును పత్రికలు “ఇథనాల్” అని వ్రాయును. శాస్త్రరీత్యా అది ఇథనోల్. ఇథనాల్ వేరొక పదార్థము. ఒక్క అచ్చు మారిన పదార్థమే మారును! సంధికార్యము సైతము కలదు. ఆంగ్లమున ఈథేన్ అను పేరు తుదినుండు “ఇ” యక్షరము, ప్రత్యయము అచ్చుతో మొదలైన లోపించును. డైఓల్ వలె హల్లుతో మొదలైన నిలుచును. మన సంధులెరిగినవారికి ఇది వింతగా తోపదు.

ఈ సూత్రములు పుస్తకమునకే పరిమితములు కావు. మన చోడవరము ప్రాంతపు చెరకుతోటనే చూడుడు. చెరకు రసమునందలి సుక్రోజునకు కర్బనములు 12, ఉదజనులు 22, ఆమ్లజనులు, అనగా ఆక్సిజనులు, 11. రసమునకు స్వభావముచే కొంచెము పులుపు గలదు. ఆ పులుపుతో కాచిన, సుక్రోజు ఒక నీటి యణువును గైకొని గ్లూకోజుగను ఫ్రక్టోజుగను చీలును. ఒక్కొక్క దానికి కర్బనములు 6, ఉదజనులు 12, ఆమ్లజనులు 6. కూడిక వేసి సరిచూచుకొనుడు. ఈ చీలిక మిక్కుటమైన బెల్లము గట్టిగ అచ్చు కట్టదు. బెల్లము వండువారు రసమున సున్నము వేయుటలో ఆ పులుపును విరుచుటయు ఒక ప్రయోజనము.

గ్లూకోజును ఈస్టు పులియబెట్టిన ఒక్కొక్క యణువునుండి రెండు ఇథనోలులు, రెండు బొగ్గుపులుసు గాలి యణువులు వచ్చును. ఇథనోలు ఆక్సీకరణము నొంది ఇథనాలై, పిమ్మట ఇథనోయికామ్లమగును. నూటికి 5 మొదలు 8 పాళ్లు ఈ యామ్లము గల నీరే వినిగారు. మూడింటను కర్బనములు రెండే. ధాతువు కదలలేదు, ప్రత్యయము మారినది. ఒకటి మత్తునిచ్చునది, ఒకటి పుల్లనిది!

కూర్పును మరువరాదు. “లత”, “తల” అను పదములకు అక్షరములవియే, అర్థములు వేరు. రెండు కర్బనములు, ఆరు ఉదజనులు, ఒక ఆమ్లజని ఒక విధముగ కూడిన ఇథనోలు; అది 78 డిగ్రీల సెంటిగ్రేడున మరుగును. అవియే మరియొక విధముగ కూడిన డైమిథైల్ ఈథరు. సాధారణపు వేడిమియందే అది వాయువు. వీనిని సాదృశ్యకములందురు.

విద్యార్థులారా! పునశ్చరణకు ఒక్క కాగితము చాలును. ఎడమవైపు నాలుగు ధాతువులు, పైన ప్రత్యయములు వ్రాసి, గడులలో పేర్లను మీరే సాధింపుడు. ప్రతి పేరునకు బొమ్మ గీచి నాలుగు చేతులు లెక్కింపుడు. గడి కుదరనిచోట ఏల కుదరలేదో యోచింపుడు: ఒంటరి కర్బనమునకు ద్విబంధము ఎవ్వరితో? ఈ ప్రశ్నకు తానై జవాబు చెప్పగల బిడ్డకు పాఠము వచ్చినట్లే. తలిదండ్రులారా! “ఎన్ని మార్కులు?” అని అడుగుటకు ముందు, ఆ కాగితమును ఒకసారి చూపుమని అడుగుడు.