గడియారపు ముఖంపై గాజుపూత

పూర్వకాలపు చిత్రాల రంగులు వెలుతురు తగిలి క్రమంగా వెలిసిపోతాయి. కాని జెనీవాలో పుట్టిన జాన్ పెటిటో (1607–1691) వేసిన చిన్న చిత్తరువులు నేటికీ వన్నె తరగలేదు. అవి గాజుతో వేసిన రంగులు కావడమే దీనికి కారణం. లోహంపై గాజును కరిగించి అతికే ఈ విద్యను ఎనామెల్ పని అంటారు. మన దేశంలోని మీనాకారీ కూడ ఈ కోవకు చెందినదే. స్విట్జర్లండులో ఖరీదైన గడియారాల డయళ్ళను కొందరు నేటికీ ఈ పద్ధతిలో చేతితో అలంకరిస్తున్నారు.

ఎనామెల్ అనగా తక్కువ వేడికే కరిగే ఒక విధమైన గాజు. లోహపు ఆక్సైడులు దానికి రంగునిస్తాయి. కోబాల్టు ఆక్సైడు నీలిరంగును, తగరపు ఆక్సైడు పాలవంటి తెలుపును ఇస్తుంది. గాజును మెత్తగా నూరి, నీటితో కడిగి, పలుచని రాగి బిళ్ళపై సమంగా పరుస్తారు. తడి ఆరిన పిమ్మట సుమారు 800 సెంటిగ్రేడు డిగ్రీల వేడిగల కొలిమిలో కొద్దిసేపు ఉంచుతారు. రాగి కరగడానికి 1085 డిగ్రీలు కావలెను గనుక బిళ్ళ కరగదు; పొడి మాత్రం కరిగి నున్నని పొరగా అతుకుతుంది.

అసలు చిక్కు చల్లారేటప్పుడు వస్తుంది. వేడికి అన్ని పదార్థాలు సమానంగా వ్యాకోచించవు గదా! రాగి గాజుకన్న ఎక్కువగా వ్యాకోచిస్తుంది. చల్లారేటప్పుడు ఎక్కువగా సంకోచిస్తుంది. బండిచక్రానికి కాల్చి తొడిగిన ఇనుపపట్టా చల్లారి కర్రను బిగించినట్లు, రాగి గాజును నొక్కిపట్టుతుంది. ఇది కొంతవరకు మేలే. గాజు నొక్కుడును బాగా ఓర్చుకొంటుంది, లాగుడును ఓర్వలేదు. అయితే పూత ఒకవైపే ఉన్నచో, రెండు లోహాలను అతికిన పట్టీ వలె బిళ్ళ వంగుతుంది, పూత పగులుతుంది. అందుచేత బిళ్ళ వెనుకవైపున కూడ ఎనామెల్ పూసి, రెండువైపుల బలాలను సమానం చేస్తారు.

చిత్రం ఒక్క కాల్పుతో పూర్తికాదు. ఎక్కువ వేడి కావలసిన రంగులను ముందుగాను, తక్కువ వేడికి కరిగేవాటిని తరువాతను వేసి కాల్చాలి. లేనిచో ముందు వేసిన రంగులు చెదిరిపోతాయి. చివరి కాల్పులో ఒక ధూళికణం పడినా, గాలిబుడగ లేచినా వారాల శ్రమ వ్యర్థమవుతుంది.

ఈ పనివారికి ఆధారం యాంత్రిక గడియారాలే. 1969లో జపానులో క్వార్ట్జ్ చేతిగడియారం వెలువడిన తరువాత స్విస్ పరిశ్రమ దెబ్బతిని, వేలాదిమంది ఉపాధి కోల్పోయారు. 1985లో స్వెన్ ఆండర్సన్, విన్సెంట్ కలబ్రేసె అనే ఇద్దరు నిపుణులు స్వతంత్ర గడియార నిర్మాతల కొరకు ఒక అకాడమీని స్థాపించారు. 2020లో యునెస్కో స్విట్జర్లండు, ఫ్రాన్సు దేశాల యాంత్రిక గడియార నిర్మాణ నైపుణ్యాన్ని మానవజాతి సాంస్కృతిక వారసత్వపు జాబితాలో చేర్చింది.

కొలిమి వేడిని యంత్రం కొలువగలదు. కాని కరుగుతున్న పూత మెరుపును చూచి, బిళ్ళను ఏ క్షణాన వెలికి తీయవలెనో కన్ను నేర్చుకోవాలి. గురువు చేతిక్రింద ఏళ్ళతరబడి పనిచేసినవారికే ఆ నేర్పు అబ్బుతుంది. నేర్చుకొనేవారు లేకపోతే సూత్రాలు పుస్తకాలలో మిగులుతాయి గాని, విద్య మిగలదు.